రిఫ్రాక్టర్‌తో ఆకాశం ఫొటోలు: ఫ్లాటెనరా, రిడ్యూసరా, ఫిల్టరా... ముందు ఏది కొనాలి?

చిన్న ఈడీ రిఫ్రాక్టర్ (రంగులు చెదరకుండా ప్రత్యేక గాజు వాడిన లెన్సు టెలిస్కోప్) కొన్నారు. నక్షత్రాల వెంట తిరిగే ట్రాకింగ్ మౌంట్ మీద పెట్టి, డీఎస్ఎల్ఆర్ తగిలించి ఓరియన్ నెబ్యులా తీశారు. మధ్యలో బాగానే వచ్చింది. మూలలకు వెళ్లేసరికి నక్షత్రాలు సాగిపోయాయి. వెనక ఆకాశం నల్లగా లేదు, మసక నారింజ రంగులో ఉంది. ప్రకాశమైన నక్షత్రాల చుట్టూ నీలం వలయాలు. చేతిలో ఇంకొక్క వస్తువుకు సరిపడా డబ్బుంది. ఏది కొనాలి?

చాలామంది ముందు ఫిల్టర్ కొంటారు. ఫిల్టర్ లేకుండా ఒకటి, ఉంటే ఒకటి అని పక్కపక్కన పెట్టి చూపించే ఫొటోలకు అంత ఆకర్షణ ఉంది మరి. నా లెక్క వేరు. డీఎస్ఎల్ఆర్ సెన్సర్ లేదా అంతకంటే పెద్దది వాడుతుంటే ఆకాశం ఎలా ఉన్నా ముందు ఫ్లాటెనరో (మూలల్లో ఫోకస్ సరిచేసే లెన్సు), ఫ్లాటెనర్ పని కూడా చేసే రిడ్యూసరో (ఫోకల్ లెంగ్త్ తగ్గించి ఎక్కువ ఆకాశం పట్టే లెన్సు) తీసుకోవాలి. చిన్న సెన్సర్ ఉన్న ఆస్ట్రో కెమెరాతో నగరంలో డాబా మీద నుంచి నెబ్యులాలు తీస్తుంటే మాత్రం ఫిల్టర్‌దే మొదటి వంతు. ఎందుకో చూద్దాం. లెక్కలకు వీలుగా 80 మి.మీ. లెన్సు, 480 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న ఎఫ్/6 (ఫోకల్ లెంగ్త్‌ను లెన్సు వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె) ఈడీ డబ్లెట్‌నే (రెండు గాజుల లెన్సు) అంతటా ఉదాహరణగా తీసుకుంటాను. మన దగ్గర మొదటి ఫొటో టెలిస్కోప్‌గా చాలామంది కొనేది ఈ సైజుదే.

## ముందు మీ దగ్గర ఉన్నవి చూసుకోండి

సెన్సర్ వికర్ణం. మెగాపిక్సెళ్ల సంగతి ఇక్కడ అక్కర్లేదు, మూల నుంచి మూలకు ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. కెనాన్ ఏపీఎస్-సీ డీఎస్ఎల్ఆర్ సెన్సర్ 22.3 × 14.9 మి.మీ., వికర్ణం దాదాపు 27 మి.మీ. ఫుల్‌ఫ్రేమ్ అయితే 43. సోనీ ఐఎంఎక్స్533 చిప్ ఉన్న చదరపు ఆస్ట్రో కెమెరాలు 16 మి.మీ., ఐఎంఎక్స్585 ఉన్నవి 13 మి.మీ. లోపే.

మీ ఆకాశం, అందులో వెలుగు ఎక్కడిది. పాత సోడియం దీపాలా, తెల్లటి ఎల్ఈడీలా అన్నది ఫిల్టర్ ఎంపికను మార్చేస్తుంది.

మీరు తీసే వస్తువులు. హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు వెలిగే ఎర్రటి నెబ్యులాలు ఒక రకం. గెలాక్సీలు, నక్షత్ర గుచ్ఛాలు, కృత్తికల చుట్టూ ఉండే నీలి ధూళి మరో రకం. రెండిటికీ ఒకే ఫిల్టర్ పనికిరాదు.

మీ ఫొటోలో లోపం ఎక్కడుంది. ఇప్పటికే తీసిన ఒక్క ఫ్రేమును, స్టాక్ చేయనిదాన్ని (చాలా ఫ్రేములను కలిపి ఒకటి చేయడమే స్టాకింగ్), 100 శాతం జూమ్‌లో తెరవండి. నాలుగు మూలలూ ఒకేలా చెడితే అది ఫీల్డ్ వంపు, ఫ్లాటెనర్‌తో పోతుంది. ఒక పక్కే చెడితే కెమెరా ఒరిగి ఉంది, చాలాసార్లు ఫోకసర్ (కెమెరా తగిలే, ఫోకస్ కుదిర్చే గొట్టం) వదులుగా ఉందన్నమాట. దానికి ఫ్లాటెనర్ కొన్నా లాభం లేదు, ముందు మరలు బిగించండి. ఫ్రేమంతా ఒకే దిక్కుకు సాగితే ట్రాకింగ్ లోపం. ఆ డబ్బు గైడింగ్‌కు, అంటే ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్‌ను సరిదిద్దే ఏర్పాటుకు, పెట్టాలి.

## ఒక్క చూపులో

| వస్తువు | ఏం బాగుచేస్తుంది | మూల్యం ఏమిటి | ఎవరికి |
|---|---|---|---|
| ఫ్లాటెనర్ | మూలల్లో నక్షత్రాలు | సెన్సర్‌కు దూరం (స్పేసింగ్) సరిగ్గా కుదరాలి | డీఎస్ఎల్ఆర్, పెద్ద సెన్సర్ |
| 0.8 రిడ్యూసర్ | మూలలు, వెడల్పు, ఎక్స్‌పోజర్ సమయం | ఫోకస్‌లో తప్పుకు తావు తక్కువ, వస్తువు చిన్నదవుతుంది | పెద్ద నెబ్యులాలు, ఆండ్రోమెడా |
| యూవీ/ఐఆర్ కట్ (అతినీల, పరారుణ కాంతిని ఆపే ఫిల్టర్) | ఉబ్బిన నక్షత్రాలు | దాదాపు ఏమీ లేదు | ముందు కట్ ఫిల్టర్ లేని కలర్ ఆస్ట్రో కెమెరా |
| డ్యూయల్ న్యారోబ్యాండ్ ఫిల్టర్ (రెండు సన్నటి రంగులనే పంపేది) | నగర కాంతి, వెన్నెల | గెలాక్సీలు, సహజ రంగులు పోతాయి | నగరంలో నెబ్యులాలు తీసేవారు |
| వైలెట్ తగ్గించే ఫిల్టర్ | అక్రోమాట్ (ఈడీ గాజు లేని మామూలు లెన్సు) నీలి వలయం | రంగు పసుపుకు జరుగుతుంది | మామూలు అక్రోమాట్ ఉన్నవారు |
| బార్లో (ఫోకల్ లెంగ్త్ పెంచే లెన్సు) | గ్రహాల సైజు | 2 రెట్లకు 4 రెట్ల సమయం | చంద్రుడు, గ్రహాలు మాత్రమే |

## ఫ్లాటెనర్

రిఫ్రాక్టర్ లెన్సు ఫోకస్ చేసే తలం చదునుగా ఉండదు, గిన్నె లోపలి వైపులా వంగి ఉంటుంది. కెమెరా సెన్సరేమో చదును. డబ్లెట్లు, ట్రిప్లెట్లలో (మూడు గాజులవి) ఆ వంపు వ్యాసార్ధం సుమారుగా ఫోకల్ లెంగ్త్‌లో మూడో వంతు. మన 480 మి.మీ. టెలిస్కోప్‌కు 160 మి.మీ. అనుకోండి. మధ్యలో ఫోకస్ కుదిరితే ఏపీఎస్-సీ మూల దగ్గర ఫోకస్ అర మిల్లీమీటరుకు పైనే తప్పుతుంది. ఎఫ్/6 దగ్గర దానివల్ల నక్షత్రం 90 మైక్రాన్ల పైచిలుకు మచ్చ అవుతుంది, అంటే డీఎస్ఎల్ఆర్‌లో దాదాపు 25 పిక్సెళ్లు. అదే లెక్క ఐఎంఎక్స్533 మూలకు వేస్తే ఫోకస్ తప్పేది 0.2 మి.మీ., మచ్చ 9 పిక్సెళ్లు. ఫోకస్‌ను మధ్యకూ మూలకూ నడుమ పెడితే అదీ సగానికి తగ్గుతుంది. చిన్న సెన్సర్ వాళ్లు ఫ్లాటెనర్ లేకుండా కొన్నాళ్లు నెట్టుకురావచ్చని నేననేది ఇందుకే. స్టాకింగ్ అయ్యాక అంచులు కాస్త కత్తిరించుకుంటే సరిపోతుంది.

ఇంకో సంగతి కూడా దీన్నుంచే తెలుస్తుంది. ఫోకల్ లెంగ్త్ తగ్గేకొద్దీ వంపు ఎక్కువవుతుంది. చిన్న టెలిస్కోప్‌కు ఇవన్నీ ఎందుకులే అనుకుంటే పొరపాటు, చిన్నదానికే ఎక్కువ అవసరం.

ఇక స్పేసింగ్. ఫ్లాటెనర్ వెనక అంచు నుంచి సెన్సర్ దాకా ఎంత దూరం ఉండాలో తయారీదారు చెబుతాడు. చాలావాటికి అది 55 మి.మీ. ఈ అంకె డీఎస్ఎల్ఆర్‌ల నుంచి వచ్చింది. కెనాన్ ఈఎఫ్ బాడీలో మౌంటు నుంచి సెన్సర్‌కు 44 మి.మీ., టీ-రింగ్ (కెమెరాను టెలిస్కోప్‌కు తగిలించే రింగు) మందం 11, మొత్తం 55. నికాన్ ఎఫ్ మౌంట్ 46.5, దాని టీ-రింగ్ 8.5, అదీ 55. మిర్రర్‌లెస్ కెమెరాలకు వాటి టీ-రింగే పొడుగ్గా ఉంటుంది. కాబట్టి డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్ వాళ్లకు పెద్ద తలనొప్పి లేదు, రింగు బిగిస్తే దూరం దానంతటదే కుదురుతుంది. ఆస్ట్రో కెమెరా వాళ్లే కూడికలు చేసుకోవాలి. కూలింగ్ ఉన్న చాలా కెమెరాల్లో ముందు అంచు నుంచి సెన్సర్‌కు 17.5 మి.మీ. దానికి 16.5, 21 మి.మీ. స్పేసర్లు కలిపితే 55. మధ్యలో ఫిల్టర్ పెడితే దాని గాజు మందంలో మూడో వంతు అదనంగా కలపాలి. 2 మి.మీ. ఫిల్టర్ అయితే 55.7 దగ్గరికి వెళ్లాలన్నమాట. సన్నని షిమ్ రింగులు దొరికేది ఇందుకే.

కుదిరిందో లేదో ఫొటోయే చెబుతుంది. మూలల్లో నక్షత్రాలు ఫ్రేము కేంద్రం వైపు గీతలా సాగితే సాధారణంగా సెన్సర్ మరీ దగ్గరగా ఉన్నట్టు, ఇంకాస్త స్పేసర్ కలపాలి. కేంద్రం చుట్టూ తిరుగుతున్నట్టు సాగితే దూరం ఎక్కువైనట్టు. అర మిల్లీమీటరు చొప్పున మార్చి చూడండి.

మీ టెలిస్కోప్ కంపెనీ ఆ మోడల్‌కే చేసిన ఫ్లాటెనర్ దొరికితే కాస్త ఖరీదైనా అదే కొనండి. ఎఫ్/5 నుంచి ఎఫ్/8 దాకా అన్నిటికీ సరిపోతుందని అమ్మే యూనివర్సల్ ఫ్లాటెనర్లు చెడ్డవి కావు గానీ, ఫోకల్ లెంగ్త్‌ను బట్టి స్పేసింగ్ మారుతుంది. అది మీరే వెతుక్కోవాలి. మంచి రాత్రులు రెండు మూడు దానికే పోతాయి.

## రిడ్యూసర్

0.8 రిడ్యూసర్ 480 మి.మీ.ను 384 చేస్తుంది, ఎఫ్/6ను ఎఫ్/4.8 చేస్తుంది. రిఫ్రాక్టర్ల కోసం చేసినవాటిలో ఎక్కువ భాగం ఫీల్డ్‌నూ చదును చేస్తాయి. కాబట్టి ఫ్లాటెనర్, రిడ్యూసర్ రెండూ విడివిడిగా కొనే అవసరం సాధారణంగా ఉండదు. ఎంచుకోవాల్సింది ఒక్కటే.

పిక్సెల్‌కు వచ్చే వెలుతురు 1.56 రెట్లవుతుంది. 3 గంటల్లో వచ్చే నునుపు దాదాపు 2 గంటల్లో వస్తుంది. వానాకాలం నాలుగు నెలలూ మబ్బులకే పోయే మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. కానీ లెన్సు అదే 80 మి.మీ. గెలాక్సీ నుంచి లోపలికి వచ్చే కాంతి పెరగలేదు, అదే కాంతి తక్కువ పిక్సెళ్ల మీద పడుతోంది, అంతే. వస్తువు చిన్నదవుతుంది.

కాబట్టి ఏం తీస్తారన్నదే తేలుస్తుంది. ఆండ్రోమెడా గెలాక్సీ పొడవు 3 డిగ్రీలకు పైనే. 480 మి.మీ. దగ్గర ఏపీఎస్-సీ ఫ్రేము వెడల్పు 2.7 డిగ్రీలు, గెలాక్సీని ఐమూలగా పెట్టి ఇరికించాలి. రిడ్యూసర్‌తో 3.3 డిగ్రీలు, హాయిగా పడుతుంది. నార్త్ అమెరికా, వెయిల్ నెబ్యులాల్లాంటి పెద్దవాటికీ ఇదే మాట. అదే రింగ్ నెబ్యులా, ఎం51 గెలాక్సీ లాంటి చిన్నవి తీసేవారికి రిడ్యూసర్ వద్దు. ఉన్న కొద్ది పిక్సెళ్లూ తగ్గిపోతాయి. 3.72 మైక్రాన్ల పిక్సెల్‌తో మన టెలిస్కోప్ 1.6 ఆర్క్‌సెకన్ల దగ్గర ఉంటే, రిడ్యూసర్ దాన్ని 2.0కు తీసుకెళ్తుంది.

ఫోకస్ విషయంలో రిడ్యూసర్ కఠినం. ఎఫ్/6 దగ్గర ఫోకస్ బాగుండే మందం ఎఫ్/4.8కి వస్తే దాదాపు మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. నవంబరు, డిసెంబరు రాత్రుల్లో ఉష్ణోగ్రత పడిపోతుంటే ట్యూబు కుంచించుకుపోయి ఫోకస్ జరుగుతుంది. గంటకోసారైనా మళ్లీ చూసుకోవాలి. దీనికి బాటినోవ్ మాస్క్ ఒక్కటి చాలు. రష్యన్ ఔత్సాహికుడు పావెల్ బాటినోవ్ ఆలోచన అది. గాట్లు కోసిన మూత ముందు పెడితే నక్షత్రం మూడు గీతలుగా కనిపిస్తుంది, మధ్య గీత మిగతా రెండిటికీ సరిగ్గా నడుమకు వస్తే ఫోకస్ కుదిరినట్టే. నల్ల అట్టతో ఇంట్లోనే కోసుకోవచ్చు. ఇక్కడ చెప్పినవాటిలో అన్నిటికంటే చవకైనది, నన్నడిగితే అన్నిటికంటే ముందుండాల్సిందీ అదే.

0.6 లాంటి గట్టి రిడ్యూసర్ల జోలికి మొదట్లో పోకండి. వెలుతురు వలయం చిన్నదై ఏపీఎస్-సీ మూలలు చీకటిపడొచ్చు, కెమెరా వంకర చిన్నదైనా పెద్దగా కనిపిస్తుంది.

## ఫిల్టర్లు

ముందు చవకైన సంగతి. కెమెరా ముందు గాజు మామూలు పారదర్శక గాజైతే (చాలా కలర్ ఆస్ట్రో కెమెరాలకు అంతే) యూవీ/ఐఆర్ కట్ తప్పనిసరి. లెన్సు అతినీల, పరారుణ కాంతిని కనిపించే కాంతితో పాటు ఒకే చోట ఫోకస్ చేయలేదు. సెన్సర్ మాత్రం వాటినీ పట్టేస్తుంది. నక్షత్రాలు ఉబ్బుతాయి. డీఎస్ఎల్ఆర్‌లో ఈ ఫిల్టర్ లోపలే ఉంటుంది, మళ్లీ కొనక్కర్లేదు.

అసలు చర్చ నగర కాంతి గురించి. నగర కాంతిని తగ్గించే పాత సీఎల్ఎస్ రకం ఫిల్టర్లు సోడియం, పాదరసం దీపాల కాలానికి చేసినవి. సోడియం దీపం కాంతి 589 నానోమీటర్ల చుట్టుపక్కల పోగై ఉంటుంది, ఆ భాగం ఆపేస్తే ఆకాశం నల్లబడేది. తెల్ల ఎల్ఈడీ అలా కాదు. 450 దగ్గర నీలి శిఖరం, ఆపైన పసుపు చుట్టూ వెడల్పాటి మూపురం. ఆపడానికి ఒక చోటంటూ లేదు. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ వీధులకు ఎల్ఈడీలు వచ్చాయి, తర్వాత హైదరాబాద్‌కూ మిగతా ఊళ్లకూ వచ్చాయి. పదేళ్ల కిందటి సమీక్ష చదివి సీఎల్ఎస్ కొంటే ఇవాళ మీ డాబా మీద ఆ ఫలితం రాదు.

ఇప్పుడు పనిచేసేది డ్యూయల్ న్యారోబ్యాండ్. హైడ్రోజన్-ఆల్ఫా 656.3, ఆక్సిజన్ 500.7 నానోమీటర్ల గీతల చుట్టూ సన్నటి కిటికీలు మాత్రమే తెరిచి, మిగతాదంతా మూసేస్తుంది. ఆప్టోలాంగ్ ఎల్-ఎక్స్‌ట్రీమ్‌లో ఆ కిటికీలు 7 నానోమీటర్లు, ఎల్-అల్టిమేట్‌లో 3. సన్నగా ఉంటే ఆకాశం మరింత నల్లబడుతుంది, కానీ ధర పెరుగుతుంది, గైడింగ్ సరిగా ఉంటేనే కుదిరే పొడవైన ఎక్స్‌పోజర్లు కావాలి. ఎఫ్/5, ఎఫ్/6 రిఫ్రాక్టర్‌కు 7 చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం. నగరం నడిబొడ్డున ఉంటేనే 3 గురించి ఆలోచించండి.

నగరంలో రోసెట్ నెబ్యులా ఎర్రటి రేకులు కనిపించడం దీని చలవే. దక్షిణాన కిందుగా తిరిగే కారీనా నెబ్యులా హైదరాబాద్ నుంచి 13 డిగ్రీల ఎత్తుకే వస్తుంది, తిరుపతి నుంచి 17 దాకా. దిగంతం దగ్గరి కాంతి పొరలోంచి దాన్ని పట్టాలన్నా ఇదే దారి. కానీ కృత్తికల నీలి ధూళి, గెలాక్సీలు, గుచ్ఛాలు అన్ని రంగుల్లోనూ వెలుగుతాయి. ఈ ఫిల్టర్ పెడితే వాటి కాంతే ఎక్కువ పోతుంది. ఆండ్రోమెడా తీయాలంటే ఫిల్టర్ పక్కన పెట్టి కారెక్కి వికారాబాద్ దాటడమే మేలు. నల్లమల అంచుకు పోగలిగితే ఇంకా మంచిది.

డీఎస్ఎల్ఆర్ ఉన్నవారు ఒకటి గమనించాలి. మార్పు చేయని కెమెరాలో లోపలి ఫిల్టర్ హైడ్రోజన్-ఆల్ఫాలో ఎక్కువ భాగాన్ని తినేస్తుంది, పావు వంతు అటూఇటూ మాత్రమే సెన్సర్‌కు చేరుతుంది. దాని మీద డ్యూయల్ న్యారోబ్యాండ్ పెడితే చీకటి ఫ్రేములు, గంటలు గంటలు కూర్చోవడం. ముందు ఆ లోపలి ఫిల్టర్‌ను మార్పించడమో (దీన్నే ఆస్ట్రో మోడిఫికేషన్ అంటారు), ఫ్లాటెనర్‌తో చీకటి ప్రాంతానికి వెళ్లడమో చేయండి.

సైజు కూడా. 1.25 అంగుళాల ఫిల్టర్ ఐఎంఎక్స్533, 585 సెన్సర్లకు సరిపోతుంది. ఏపీఎస్-సీకి 2 అంగుళాలది తీసుకోండి. రేపు కెమెరా మార్చే ఆలోచన ఉన్నా అదే.

## అక్రోమాట్ ఉన్నవారికి

102/500 (102 మి.మీ. లెన్సు, 500 మి.మీ. ఫోకల్ లెంగ్త్) లాంటి మామూలు అక్రోమాట్ ఉంటే నీలి వలయం మీ పెద్ద సమస్య. వైలెట్ తగ్గించే ఫిల్టర్లు వలయాన్ని తగ్గిస్తాయి, పూర్తిగా తీసేయవు. కలర్ ఫొటోలకే పట్టుబడితే ఆ డబ్బు దాచుకుని ఈడీ టెలిస్కోప్‌కు మారడం మంచిది. ఒక దొడ్డిదారి మాత్రం ఉంది. మోనో (నలుపు తెలుపు) కెమెరాకు ఒక్క హైడ్రోజన్-ఆల్ఫా ఫిల్టర్ పెట్టండి. ఒకే రంగు కాబట్టి అక్రోమాట్ రంగుల లోపం బయటపడే అవకాశమే ఉండదు. నలుపు తెలుపులో నెబ్యులాలు పదునుగా వస్తాయి, వెన్నెల రాత్రుల్లో కూడా.

## బార్లో, ఆఫ్-యాక్సిస్ గైడర్

డీప్ స్కైకి బార్లో వద్దు. 2 రెట్లదైతే ఎఫ్/12 అవుతుంది, అదే వెలుతురుకు 4 రెట్ల సమయం కావాలి. పైగా గాలి కదలిక వల్ల నక్షత్రం 2-3 ఆర్క్‌సెకన్లకు పాకుతుంటే 0.8 ఆర్క్‌సెకన్ల పిక్సెళ్లతో కొత్త వివరమేమీ రాదు. గ్రహాలకైతే పిక్సెల్ సైజుకు 5 రెట్ల ఎఫ్ సంఖ్య అన్నది వాడుకలో ఉన్న లెక్క. 2.9 మైక్రాన్ల పిక్సెల్‌కు ఎఫ్/14.5, అంటే మన ఎఫ్/6కు 2.5 రెట్ల బార్లో. అప్పుడు కూడా గురుడు 90 పిక్సెళ్ల వెడల్పే ఉంటాడు. చంద్రుడి బిలాలకు మాత్రం ఈ జత చాలా బాగుంటుంది.

ఆఫ్-యాక్సిస్ గైడర్ (అదే టెలిస్కోప్ కాంతిలో కొంత గైడింగ్ కెమెరాకు మళ్లించేది) మంచి వస్తువే గానీ 55 మి.మీ.లో చాలా భాగం మింగేస్తుంది. ఈ ఫోకల్ లెంగ్త్‌కు గట్టిగా బిగించిన చిన్న గైడ్‌స్కోప్ (గైడింగ్‌కు వాడే విడి టెలిస్కోప్) చాలు.

## ఇంకా టెలిస్కోప్ కొననివారికి, పాతవి కొనేవారికి

టెలిస్కోపే ఇంకా తీసుకోకపోతే పెట్జ్‌వాల్ రకం చూడండి. విలియం ఆప్టిక్స్ రెడ్‌క్యాట్ 51 (250 మి.మీ., ఎఫ్/4.9) లాంటివాటిలో చదును చేసే లెన్సులు లోపలే ఉంటాయి. 55 మి.మీ. లెక్కల బెడద ఉండదు, ఫోకస్ చేస్తే చాలు. డబ్లెట్, ఫ్లాటెనర్ కలిపి ఎంతవుతుందో చూసి ఆ మొత్తంతో పోల్చండి, టెలిస్కోప్ ఒక్కదాని ధరతో కాదు. చూడటానికి కూడా పెద్ద లెన్సు కావాలనుకునేవారికి మాత్రం 51 మి.మీ. నిరాశ కలిగిస్తుంది.

విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం పడుతుంది, తిప్పి పంపడం దాదాపు అయ్యేపని కాదు. ఆర్డర్ పెట్టేముందు మీ ఫోకసర్ మర సైజు (ఎం42నా, ఎం48నా, ఎం54నా), 2 అంగుళాల గొట్టంలోకి దూర్చేదా లేక మరతో బిగించేదా అన్నది కొలిచి చూసుకోండి. మరతో బిగించేది దొరికితే అదే మేలు, కెమెరా బరువుకు ఒరగదు. సెకండ్‌హ్యాండ్‌లో ఫ్లాటెనర్, రిడ్యూసర్లు నిశ్చింతగా కొనొచ్చు, గాజు మీద గీతలు, బూజు మచ్చలు టార్చి వేసి చూస్తే చాలు. ఫిల్టర్ అయితే పూత అంచుల్లో లేచిందేమో పక్కకు వంచి చూడండి. అమ్మేవారిని ఆ వస్తువుతో తీసిన, స్టాక్ చేయని ఒక్క పూర్తి ఫ్రేము పంపమనండి. ఫోన్లో వచ్చే చిన్న బొమ్మ కాదు, రా ఫైలు.